సన్ వోల్ట్ ‘ట్రేస్’: ఏళ్ల తరబడి విన్నాక, ఆ స్టీల్ గిటారు గురించి

సన్ వోల్ట్ అనే అమెరికన్ కంట్రీ రాక్ బ్యాండు మొదటి ఆల్బం ‘ట్రేస్’ ఇన్నేళ్లూ నా దగ్గర నిలబడిందంటే దానికి ఒకటే కారణం, ఎరిక్ హేవుడ్ వాయించిన పెడల్ స్టీల్ గిటారు. ఆ బ్యాండులో పాటలు రాసి పాడే జే ఫరార్ గొంతు నాకిష్టం, పాటలూ ఇష్టమే. కానీ ఆ స్టీల్ లేకపోతే ఈ ఆల్బం ఈపాటికి ఎవరికో ఒకరికి ఇచ్చేసి ఉండేవాణ్ణి.

అంతకుముందు ఫరార్, జెఫ్ ట్వీడీ కలిసి నడిపిన బ్యాండు అంకుల్ టుపెలో ఎందుకు విడిపోయింది, ఎవరికి ఎవరంటే పడలేదు అన్న పురాణం ఈ సంగీతం వినేవాళ్లందరికీ కంఠతా వచ్చు. దాని జోలికి పోను. 1994 మే 1న సెయింట్ లూయిస్‌లో ఆఖరి కచేరీ అయింది. మరుసటి ఏడాది మార్చిలో జెఫ్ ట్వీడీ విల్కో పేరుతో ‘ఏ.ఎం.’ తెచ్చాడు, సెప్టెంబరులో ఫరార్ సన్ వోల్ట్ పేరుతో ‘ట్రేస్’ తెచ్చాడు. రెండింటికీ నిర్మాతగా బ్రయాన్ పాల్సన్ పనిచేశాడు. అప్పట్నుంచీ అభిమానులు రెండు పక్షాలు. ఉద్యోగం పేరుతో సెయింట్ లూయిస్‌లో స్థిరపడ్డ నేను ఫరార్ పక్షం. కాలేజీలో నా రూమ్మేటు, ఇప్పుడు చికాగోలో ఉంటున్న గుంటూరువాడు, ట్వీడీ పక్షం. ఎప్పుడు కలిసినా మాకు ఇదే తగువు.

పెడల్ స్టీల్ వాయించేవాళ్లను దగ్గరగా చూస్తే తప్ప అందులో ఎంత పనుందో తెలీదు. నాలుగు కాళ్ల మీద బల్లలా నిలబెట్టిన వాయిద్యం. ఎడమచేతిలో ఇనప కడ్డీ, కుడిచేతి వేళ్లకు తొడుగులు, కింద పెడళ్లు, మోకాళ్లకు తగిలేలా మీటలు. తీగ మోగుతుండగానే పెడల్ తొక్కితే ఆ తీగ ఒక్కటే పై స్వరానికి పాకుతుంది, పక్క తీగ ఉన్నచోటే ఉంటుంది. కుడికాలు వాల్యూం పెడల్ మీద ఉంటుంది. తీగ నాదం సన్నగిల్లే కొద్దీ దాన్ని నొక్కుతూ పోతారు, అందుకే స్వరం అంతసేపు ఆరిపోకుండా నిలుస్తుంది. గమకాలు వింటూ పెరిగిన మన చెవికి ఇదేమీ పరాయి సంగతి కాదు. స్వరం దగ్గరికి వెళ్లే దారిలోనే రుచంతా ఉంటుందని మనకు చిన్నప్పట్నుంచే తెలుసు. హవాయి గిటారును మోహన వీణగా మలచుకున్న విశ్వమోహన్ భట్ అమెరికన్ గిటారిస్టు రై కూడర్‌తో కలిసి 1994లో గ్రామీ అందుకున్నారు కదా. ఆ వాయిద్యం, ఈ పెడల్ స్టీల్ ఒకే వంశానివి.

‘ట్రేస్’లో దానికి దొరికిన పని వేరు. ఫరార్ గొంతు బరువుగా, నిటారుగా ఉంటుంది. ఎంత దిగులు మాటైనా గొంతు వణికించడు, సాగదీయడు, చెప్పేసి ఊరుకుంటాడు. ఆయన వదిలేసిన చోట స్టీల్ అందుకుంటుంది. మొదటి పాట ‘విండ్‌ఫాల్’ రాత్రిపూట కారు నడుపుతూ రేడియోలో ఎక్కడో లూసియానా స్టేషన్ పట్టుకునే మనిషి పాట. అందులో ఫిడేలు, స్టీల్ రెండూ ఉన్నా నా చెవి స్టీల్ వెంటే పోతుంది.

మూడో పాట ‘టియర్ స్టెయిన్డ్ ఐ’ గురించి చెప్పాలంటే మా ఊరి సంగతి చెప్పాలి. అందులో సెయింట్ జెనెవీవ్ పేరొస్తుంది. ఇక్కణ్ణుంచి 55వ నంబరు హైవే మీద దక్షిణంగా ఓ గంట వెళితే వచ్చే పాత ఫ్రెంచి ఊరు. దుంగలు నిలువునా పాతి కట్టిన ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. 1993 వరదలో ఊరివాళ్లు ఇసుక బస్తాలు పేర్చి, గట్టు పెంచుకుంటూ పోయి పాత ఊరిని కాపాడుకున్నారు. ఆ ఆగస్టు 1న సెయింట్ లూయిస్ దగ్గర మిసిసిపీ 49.58 అడుగులకు చేరింది, ఇక్కడ 30 అడుగులు దాటితేనే వరద. నేను భద్రాచలంవాణ్ణి. మొదటి హెచ్చరిక 43, రెండోది 48, మూడోది 53 అడుగులని ఎక్కాలతో పాటు నేర్చుకున్నవాణ్ణి. 1986లో గోదావరి 75.6 అడుగులు వచ్చిందన్న మాట మా ఇంట్లో వానాకాలం వచ్చిందంటే వినపడేది. నదిని అడుగుల్లో గుర్తుపెట్టుకునే ఊళ్లు ఇక్కడా ఉన్నాయని ఈ పాట విన్నాకే నా మనసుకు పట్టింది. ఊరిపేరున్న ఆ పునీతురాలు నీటినైతే ఆపగలదేమో గానీ, కళ్లలో నీళ్లకు ఎవరూ అడ్డుపడరని ఫరార్ ఒక్క ముక్కలో అనేసి వెళ్లిపోతాడు. ఆ తర్వాత స్టీల్ తీసుకునే ఆ కాసిన్ని క్షణాల కోసమే నేను ఎల్పీ కొన్నాను.

ఆ ఎల్పీ సంగతే చెప్పాలి. సెకండ్ హ్యాండ్ కాపీ, గీత ఒక్కటీ లేదు, అట్ట కూడా నలగలేదు. చికాగోవాడు సెలవులకు వచ్చినప్పుడు పక్కింటి పెద్దాయన దగ్గర కూర్చున్నాం. ఆయన రిటైరయ్యారు, మంచి టర్న్‌టేబుల్ ఉంది, ఈ రెండు బ్యాండ్లూ పుట్టకముందు నుంచే కంట్రీ వింటున్నారు. ముందు ‘ఏ.ఎం.’ పెట్టాం, చక్కగా మోగింది. తర్వాత నాది పెట్టాం. మొదటి పాట సగానికొచ్చేసరికి మావాడు మొహం అదోలా పెట్టాడు.

“ఒరేయ్, మీవాడి స్టీల్ శ్రుతి తప్పుతోందిరా. వినపడట్లేదా?”

వినపడుతోంది. గిటారు బావుంది, డ్రమ్ము బావుంది, గొంతు కూడా దాదాపు బావుంది. స్టీల్ మాత్రం పొడుగు స్వరం పట్టినప్పుడల్లా కడుపులో తిప్పినట్టు పైకీ కిందికీ ఊగుతోంది. మూడో పాటకొచ్చేసరికి ఇంకా ఎక్కువైంది. బెల్టు వదులైందేమోనని పెద్దాయన మళ్లీ ‘ఏ.ఎం.’ పెట్టి చూశారు. నిక్షేపంలా ఉంది. అప్పుడాయన మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు రికార్డుకు సమానంగా పెట్టి, టార్చిలైటు వేసి మమ్మల్ని చూడమన్నారు. సూది ఉన్న చెయ్యి మెల్లగా ఎడమకు, మళ్లీ కుడికి, రికార్డు తిరిగిన ప్రతిసారీ ఒక ఊపు ఊగుతోంది. రికార్డు మధ్య చిల్లు మధ్యలో లేదు.

ఆయన విడమరిచి చెప్పాక తర్కం అర్థమైంది. చిల్లు పక్కకు జరిగితే గాడి సూదికి ఒకసారి కేంద్రానికి దగ్గరగా, ఒకసారి దూరంగా వస్తుంది. తిరిగే వేగం మారకపోయినా సూది కింద గాడి పోయే వేగం మారుతుంది, దాంతో శ్రుతి మారుతుంది. నిమిషానికి 33 చిల్లర చుట్లంటే 1.8 సెకన్లకోసారి ఊపు. లోపలి గాడుల్లో వ్యాసార్థం తక్కువ కాబట్టి దోషం ఇంకా ఎక్కువ తెలుస్తుంది. డ్రమ్ముకు నిలబడే స్వరం ఉండదు, గిటారు స్వరం ఊగేలోపు ఆరిపోతుంది. అంతసేపు కదలకుండా నిలబడేది ఒక్క స్టీలే. నేను దేనికోసం కొన్నానో ఆ తప్పంతా వచ్చి దాని మీదే పడింది. అమ్మినతనికి ఫోన్ చేస్తే గీతలు లేవు కాబట్టి వాపసు లేదన్నాడు. ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

పెద్దాయన ఊరుకోలేదు. చిన్న గుండ్రటి ఆకురాయి తెచ్చి చిల్లును వెంట్రుకవాసి పెద్దది చేశారు. రికార్డును పళ్లెం మీద పెట్టి, తిప్పుతూ, అంచును వేలితో అటూ ఇటూ నెడుతూ చెయ్యి ఊగడం ఆగేదాకా సరిచేశారు. వెనక్కి తిప్పితే ఆ వైపుకు మళ్లీ విడిగా సరిచేయాల్సి వచ్చింది, రెండు వైపుల అచ్చులూ ఒకేలా కూర్చోలేదట. ఆ తర్వాత ‘టియర్ స్టెయిన్డ్ ఐ’ మళ్లీ పెట్టాం. స్టీల్ అందుకున్నప్పుడు కారులో సీడీలో ఎప్పుడూ తెలియనిది ఒకటి తెలిసింది: కడ్డీ తీగ మీద వాలేటప్పటి సన్నటి రాపిడి. గదిలో ముగ్గురం మాట్లాడలేదు.

మావాడు తగువు మాత్రం వదల్లేదు. “స్టీలే కావాలంటే ‘ఏ.ఎం.’లో లాయిడ్ మెయిన్స్ లేడా?” అన్నాడు. ఉన్నాడు, ఘనుడే, టుపెలో ఆఖరి ఆల్బం ‘ఎనోడైన్’లోనూ వాయించాడు. కానీ ట్వీడీ ఏడిస్తే తనే ఏడుస్తాడు, నవ్వితే తనే నవ్వుతాడు. ‘క్యాసినో క్వీన్’ వినండి, నది అవతల ఈస్ట్ సెయింట్ లూయిస్‌లో అప్పట్లో ఆ పేరుతో ఉండిన తేలే క్యాసినో మీద పాట, ఉత్సాహమంతా గొంతులోనే ఉంది. అక్కడ స్టీల్‌కు అలంకారం తప్ప వేరే పని మిగలదు. దానికి మావాడు ఇంకో తురుపుముక్క తీశాడు: విల్కో వాళ్ల ‘యాంకీ హోటల్ ఫాక్స్‌ట్రాట్’. రికార్డు కంపెనీ వద్దంటే 2001 సెప్టెంబరులో తమ సైట్లో ఉచితంగా వినిపించి, 2002 ఏప్రిల్‌లో నన్‌సచ్ అనే ఇంకో కంపెనీ ద్వారా విడుదల చేసిన ఆల్బం. దాని ముందు నాకు గట్టిగా వాదించే ఓపిక లేదు, అది పెద్ద ఆల్బమే. ఆ పేరు కూడా షార్ట్‌వేవ్ రేడియోలో వినపడ్డ గొంతు నుంచే వచ్చింది. ‘విండ్‌ఫాల్’లో ఫరార్ ఏ.ఎం. రేడియో స్టేషన్ కోసం వెతికాడు, ట్వీడీ మొదటి ఆల్బంకే ఆ పేరు పెట్టి తర్వాత షార్ట్‌వేవ్ దాకా వెళ్లాడు. విడిపోయాక కూడా ఇద్దరూ రేడియో దగ్గరే ఉన్నారు.

ఇంతా పొగిడాక ఒకటి చెప్పాలి. ఈ ఆల్బం అంతా స్టీలే అన్నట్టుంది నా వరస, కాదు. 11 పాటల్లో ‘రూట్’, ‘డ్రౌన్’ లాంటివి మోత గిటార్ల రాక్ పాటలు. కారులో బావుంటాయి, ఇంట్లో కూర్చుని వింటే రెండో సగంలో నా చెయ్యి ముందుకు జరపడానికి పోతుంది. ‘టెన్ సెకండ్ న్యూస్’ మాత్రం ఎప్పుడూ దాటను. ఆ పాట వెనకున్నది టైమ్స్ బీచ్. 44వ హైవే పక్కనున్న ఆ ఊళ్లో దుమ్ము లేవకుండా రోడ్ల మీద డయాక్సిన్ అనే విషం కలిసిన వాడేసిన నూనె చల్లారు, 1983లో ప్రభుత్వం ఊరంతా కొనేసి ఖాళీ చేయించింది. ఇప్పుడక్కడ పార్కుంది. ఆ దారిన పోతూ ఈ పాట వింటే కిటికీ దించబుద్ధి కాదు.

మా ఆవిడ ఓటు మా ఇద్దరికీ పడలేదు. ఆమెకు గాయని లూసిండా విలియమ్స్ 1998 ఆల్బం ‘కార్ వీల్స్ ఆన్ ఎ గ్రావెల్ రోడ్’ ప్రాణం. “మీ దాంట్లో రోడ్లూ నదులే ఉన్నాయండీ, మనుషులేరీ?” అంది ఒకసారి. లేక్ చార్లెస్ పాట పెట్టి, చనిపోయిన ఒక్క మనిషి చుట్టూ ఊరంతా ఎలా కనపడుతుందో వినమంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఫరార్ మాటలు చాలాచోట్ల మూసిన తలుపుల్లా ఉంటాయి, ఇన్నేళ్ల తర్వాత కూడా కొన్ని చరణాలు నాకు తెరుచుకోలేదు.

కాబట్టి కొత్తగా వినేవాళ్లకు ముందు ‘కార్ వీల్స్’ ఇస్తాను, ‘ట్రేస్’ తర్వాత. వారానికి నాలుగైదు రోజులు 55 మీద నది పక్కన కారు నడిపేవాణ్ణి కాబట్టి, గోదావరి మనిషిని కాబట్టి నాకిది మొదటి స్థానం. చికాగో రైళ్లలో తిరిగేవాణ్ణయితే మావాడి పక్షం చేరేవాణ్ణేమో. ఎల్పీ కొనేవాళ్లు గీతలు చూసి ఊరుకోకండి, స్టీల్ ఉన్న పాట ఒకటి పెట్టించి, సూది చెయ్యి ఊగుతోందేమో పక్కనుంచి చూసి, అప్పుడు డబ్బులివ్వండి.