హెచ్‌ఎంటీ జనతా: ఆరేళ్ల వాడకం తరువాత

ఉదయం కాఫీ గ్లాసు అందుకునే ముందే వాచీకి కీ ఇవ్వడం ఆరేళ్లుగా నాకు అలవాటైపోయింది. నేను వాడుతున్నది హెచ్‌ఎంటీ వారి జనతా. సెల్లు లేదు, తేదీ గడి లేదు. తెల్లటి డయల్ మీద సన్నని గీతలూ మూడు ముళ్లూ కొద్దిపాటి అక్షరాలూ తప్ప మరేమీ కనిపించవు. సుమారు 35 మిల్లీమీటర్ల వెడల్పు కనుక నేటి పళ్లెమంత వాచీలకు అలవాటుపడిన కళ్లకు మొదట చిన్నదిగా అనిపించవచ్చు గాని, సన్నని మణికట్టు ఉన్నవారికి ఇంతకన్నా అమరికైన కొలత దొరకడం కష్టం.

యంత్ర పరికరాలు తయారుచేసే ఈ ప్రభుత్వ రంగ సంస్థ 1961లో జపాన్‌కు చెందిన సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. పెళ్లిలో అల్లుడికి పెట్టే వాచీగా, పదవీ విరమణ సభలో చేతికి తొడిగే వాచీగా అది మన ఇళ్లలోకి వచ్చింది. ఆ పేరుకు ఎంత గౌరవం ఉండేదంటే, మహారాష్ట్ర రైతు దాదాజీ ఖోబ్రగడే తాను ఎంపిక చేసిన సన్న వరికి ఈ వాచీ పేరే పెట్టారు. మనం తినే హెచ్‌ఎంటీ బియ్యం అదే. వాచీల విభాగాన్ని మూసివేయాలని 2016లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది కాబట్టి ఇప్పుడు బజారులో తిరిగే జనతాల్లో ఎక్కువ భాగం పాతవే. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

నా మొదటి జనతాను ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర కొన్నాను. ఫొటోలో కొత్త రూపాయి బిళ్లలా మెరిసింది. చేతికి వచ్చాక భూతద్దం పెట్టి చూస్తే డయల్‌కు మళ్లీ రంగు వేసిన సంగతి బయటపడింది: అక్షరాల అంచులు సిరా పీల్చిన కాగితం మీద రాసినట్టు చెదిరిపోయాయి, ఆరు దగ్గరి గీత కొద్దిగా పక్కకు ఒరిగింది, నిమిషాల ముల్లు వేరే మోడల్‌ది. రోజుకు నాలుగు నిమిషాలు వెనకబడేది. అందువల్ల రెండోసారి, అంచుల్లో లేత గోధుమ రంగు తిరిగిన అసలు డయల్ ఉన్నదాన్నే వెతికి కొన్నాను. పాత వాచీ కొనేవారు వెనుక మూత తెరిచిన ఫొటో తప్పనిసరిగా అడగాలని, తుప్పు మరకలున్నా స్క్రూల తలలు చెక్కుకుపోయి ఉన్నా డయల్ ఎంత బాగున్నా వదిలేయాలని నా అభిప్రాయం. రంగు ఎవరైనా వేయగలరు. అరిగిన చక్రానికి సరిజోడు దొరకడమే కష్టం.

ఆ రెండోదాన్ని విజయవాడ బీసెంట్ రోడ్డు పక్క సందులో, గాజు పెట్టె వెనుక కూర్చునే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కంటికి భూతద్దం బిగించి, మూత తిప్పి, ఊపిరి బిగబట్టినట్టుగా కాసేపు చూశారు. వెంట్రుక కన్నా సన్నని స్ప్రింగు ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉండగా, వాచీ నడకను అదుపుచేసే బ్యాలెన్స్ చక్రం ఇటూ అటూ ఊగుతోంది. “నూనె ఎండిపోయింది బాబూ, ఇలాగే నడిపితే ఇరుసులు అరిగిపోతాయి,” అన్నారు. “ఎన్నాళ్లకోసారి చేయించాలి బాబాయ్?” అని అడిగితే, “నాలుగైదేళ్లకు. ఆగిపోయాక కాదు, ఆగకముందే తేవాలి,” అని జవాబిచ్చారు. భాగాలన్నీ విప్పి, కడిగి, ఇరుసుల దగ్గర సూదిమొనతో నూనె చుక్క పెట్టి మళ్లీ బిగించడానికి ఆయనకు మూడు రోజులు పట్టింది. డయల్ మీద రాసి ఉండే 17 జ్యువెల్స్ అంటే ఆ ఇరుసులు తిరిగే చోట రాపిడి తగ్గించే కృత్రిమ కెంపులే. వాటికి నగల విలువ ఉండదు.

నడక విషయానికి వస్తే, ఇది గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు ఐదుసార్లు కొట్టుకుంటుంది. సెల్లు వాచీలోని క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది కనుక కచ్చితత్వంలో ఈ రెంటికీ పోటీ పెట్టడమే అన్యాయం. నాది రోజుకు అర నిమిషం ముందుకు పోతుంది. ఆదివారం రేడియో వార్తల వేళకు సరిచేసుకుంటాను. ఒకసారి ఉన్నట్టుండి పది నిమిషాలు ముందుకు ఉరికితే పాడైందనుకున్నాను. రాత్రిళ్లు స్పీకరు మీద పెట్టడం వల్ల స్ప్రింగుకు అయస్కాంత గుణం అంటుకుందట. పెద్దాయన చిన్న యంత్రం మీద ఒక్క క్షణం ఉంచి తీసేసరికి అది దారికి వచ్చింది.

కీ ఇచ్చేటప్పుడు వాచీని చేతి నుంచి తీయాలి. తొడుక్కునే తిప్పితే, కీ ఇచ్చే బుడిపెకున్న పుల్ల మీద పక్కకు ఒత్తిడి పడుతుంది. వేళ్లకు బిగువు తగలగానే ఆపేయాలి. అద్దం ప్లాస్టిక్‌ది కనుక గీతలు త్వరగా పడతాయి, అయితే మెత్తని గుడ్డ మీద కాస్త టూత్‌పేస్టు వేసి రుద్దితే చిన్న గీతలు పోతాయి కూడా.

దీని అసలు బలహీనత నీరు. గిన్నెలు కడిగేటప్పుడు, వానలో బండి నడిపేటప్పుడు తీసి జేబులో వేసుకోవలసిందే. ఇత్తడి మీద క్రోమ్ పూత వేసిన కేసు కాబట్టి మన కోస్తా చెమటకు, పట్టీ తగిలించే కొమ్ముల అడుగున పూత పొక్కుతుంది. నాదానికి ఎడమవైపు ఇప్పటికే ఆవగింజంత మచ్చ పడింది. రాత్రి పొడిగుడ్డతో తుడవడం, మార్చి నుంచి జూన్ దాకా తోలు పట్టీ తీసేసి 18 మిల్లీమీటర్ల నైలాన్ పట్టీ వేయడం మొదలుపెట్టాక ఆ మచ్చ పెరగలేదు. తడి చేతులతో పని చేసేవారికి, నిమిషం తేడా వస్తే బస్సు తప్పిపోయేవారికి నేను దీన్ని సిఫారసు చేయను. మిగిలినవారు కొనవచ్చు. వాచీకి పెట్టే ధరతో పాటు సర్వీసు ఖర్చును కూడా ముందే లెక్కలో వేసుకుని, అంతకన్నా ముందు తమ ఊళ్లో కీ వాచీ విప్పగలిగే మనిషి ఇంకా ఉన్నారో లేదో కనుక్కుని కొనాలి.