వాలిన పెళ్ళి ఫొటో, వెనుక కలంకారీ: గింప్ 3.0తో ఒక షీటు

మా నాన్నగారి షష్టిపూర్తికి, అమ్మానాన్నల 1989 నాటి పెళ్ళి ఫొటోను కాస్త పక్కకు వాలినట్టుగా పెట్టి, దాని వెనుక కలంకారీ బట్ట కనిపించేలా ఒక షీటు చేయాలనుకున్నాను. మన ఊళ్ళలో ఏ స్టూడియోకు వెళ్ళినా ఈ పనిని ఫొటోషాప్‌లో చిటికెలో చేసి పెడతారు. అయితే ఫొటో ఏ కోణంలో ఉండాలో, నీడ ఎంత ఉండాలో పక్కన కూర్చుని పదిసార్లు మార్పించే ఓపిక నాకున్నా స్టూడియో కుర్రవాడికి ఉండదు. పోనీ నేనే చేద్దామంటే, నెలనెలా చందా కట్టి ఫొటోషాప్ తెచ్చుకునేంత పని నాకు లేదు. అందుకే పైసా ఖర్చు లేకుండా దొరికే గింప్ అనే ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకున్నాను. తిప్పిన ఫొటోను బ్యాక్‌గ్రౌండ్ మీద అమర్చడమనే ఒక్క పనిలో అది ఎంతవరకు అక్కరకు వచ్చిందో చెప్పడానికే ఈ సమీక్ష.

గింప్ కొత్తదేమీ కాదు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న స్పెన్సర్ కింబాల్, పీటర్ మ్యాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు 1995లో దాన్ని మొదలుపెట్టారు. 2018లో 2.10 వచ్చిన తరువాత ఏడేళ్ళ పాటు ఎదురుచూస్తే గానీ 3.0 రాలేదు. చివరికి అది 2025 మార్చిలో విడుదలైంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. పాత గింప్‌తో విసిగి వదిలేసినవారు కూడా ఈ 3.0ను మరొకసారి చూడవచ్చని నా అభిప్రాయం. ఎందుకంటే, ఫొటోకు వేసిన నీడ, మసక వంటి ఫిల్టర్లను తరువాత ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకునే వీలు ఇందులోనే మొదటిసారిగా వచ్చింది.

షీటు కొలత 18×12 అంగుళాలు. అంగుళానికి 300 పిక్సెళ్ళ లెక్కన అది 5400×3600 అవుతుంది. పెడన అద్దకపు కలంకారీ దుప్పటిని కిటికీ వెలుతురులో పరిచి, పైనుంచి ఫోనుతో తీసిన ఫొటోయే బ్యాక్‌గ్రౌండ్. ఆ ఎరుపు, ఆ నల్లని గీతలు చూడటానికి ఎంత బాగున్నా, వాటి మీద నలుపు తెలుపు ఫొటో పెడితే కన్ను ఫొటో మీద నిలవదు. అందుకని బట్టకు గాసియన్ బ్లర్ అనే మసక ఫిల్టరును కొద్దిగా వేసి, రంగు గాఢత తగ్గించాను. ఇక ఫొటోను తెచ్చేటప్పుడు ఫైల్ మెనూలో ‘ఓపెన్’ కాకుండా ‘ఓపెన్ యాజ్ లేయర్స్’ ఎంచుకోవాలి. లేయరంటే ఒకదాని మీద ఒకటిగా పరిచే పొర. లేకపోతే ఫొటో వేరే ట్యాబులో తెరుచుకుంటుంది. అది బ్యాక్‌గ్రౌండ్ మీదికి ఎందుకు రాలేదో అర్థం కాక కొత్తవారు తికమకపడేది ఇక్కడే.

అసలు విషయం తిప్పడంలో ఉంది. రొటేట్ టూల్ తీసుకుని ఫొటో మీద నొక్కితే చిన్న పెట్టె ఒకటి కనిపిస్తుంది. అందులో కోణాన్ని అంకెల్లోనే ఇవ్వవచ్చు. మైనస్ పెడితే ఫొటో ఎడమకు వాలుతుంది, పెట్టకపోతే కుడికి. మౌసుతో లాగి కూడా తిప్పవచ్చు గానీ, అంకె వేయడమే మంచిదని నేను చెబుతాను. ఎందుకంటే ఫొటోను తిప్పడమంటే బల్ల మీది కాగితాన్ని పక్కకు జరపడం వంటిది కాదు. సరళ చుక్కల మీద వేసిన ముగ్గును ఒకసారి ఊహించుకోండి. ముగ్గును మాత్రం కొద్దిగా పక్కకు తిప్పి చుక్కలను ఉన్నచోటనే ఉంచితే, గీతలు చుక్కల మీద పడకుండా వాటి మధ్యకు వస్తాయి. అప్పుడు ప్రతి చుక్క దగ్గర ఏ రంగు ఉండాలో చుట్టుపక్కల చూసి అంచనా వేయవలసి వస్తుంది. పిక్సెళ్ళ విషయంలో జరిగేదీ ఇదే. ఒకసారి అంచనా వేస్తే కంటికి తేడా తెలియదు. కానీ ఆరు డిగ్రీలు తిప్పి, చూసి, మళ్ళీ రెండు తిప్పి, నచ్చక ఒకటి వెనక్కి తిప్పితే, అంచనా మీద అంచనా పేరుకుపోతుంది. నేను మొదటిరోజు సరిగ్గా ఆ పనే చేశాను. నాలుగోసారికి అమ్మ పట్టుచీర అంచులోని సన్నని గళ్ళు అలికినట్టయిపోయాయి. తొంభై డిగ్రీల చొప్పున తిప్పితే మాత్రం ఈ బెడద లేదు, అక్కడ చుక్క చుక్క మీదనే పడుతుంది.

దీనికి విరుగుడు సులువే. ఫొటో లేయరుకు ఒక నకలు తీసి, దాన్ని కంటి గుర్తు నొక్కి దాచిపెట్టాలి. కోణం నచ్చకపోతే తిప్పినదాన్నే మళ్ళీ తిప్పకుండా, దాచిన నకలు నుంచి కొత్తగా మొదలుపెట్టాలి. పిక్సెళ్ళ రంగును ఏ పద్ధతిలో అంచనా వేయాలో చెప్పే ఇంటర్‌పొలేషన్ అనే ఎంపిక కూడా అదే టూల్ కింద ఉంటుంది. దాన్ని ‘నన్’ దగ్గర ఉంచితే ఫొటో అంచులు మెట్లు మెట్లుగా వస్తాయి. ‘నోహేలో’ పెట్టినప్పుడు నా ఫొటో తెల్లని అంచు చక్కగా నునుపుగా వచ్చింది. అయితే దాన్ని వంద శాతం జూమ్‌లో చూసి నిర్ణయించుకోవాలి, ఎందుకంటే షీటు మొత్తం తెర మీద పట్టేలా కుదించి చూసినప్పుడు బాగున్న అంచు కూడా గరుకుగా అనిపిస్తుంది.

పనులు ఏ వరుసలో చేస్తామన్నదాని మీద కూడా ఫలితం ఆధారపడి ఉంటుంది. 6×4 అంగుళాల పాత ఫొటోను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేస్తే 3600×2400 పిక్సెళ్ళు వచ్చాయి. చుట్టూ వంద పిక్సెళ్ళ తెల్లని అంచు వేస్తే 3800×2600 అయింది. దాన్ని ఎనిమిది డిగ్రీలు తిప్పాక లేయరు కొలత సుమారు 4125×3104కు పెరిగింది. లేయరు ఎప్పుడూ నిలువు, అడ్డం గీతల చట్రమే కాబట్టి, వాలిన ఫొటో నాలుగు మూలలకూ చోటు కల్పించడానికి అది పెద్దదవుతుంది. ఆ చట్రంలో దాదాపు పావు వంతు ఖాళీయే. ఆ ఖాళీ పారదర్శకంగా ఉంటుంది కనుకనే వెనుకనున్న కలంకారీ కనిపిస్తుంది. తరువాతే దాన్ని అరవై శాతానికి కుదించాను. పెద్ద కొలతలో తిప్పి ఆ తరువాత కుదిస్తే, తిప్పడంలో వచ్చిన కొద్దిపాటి మసక కుదింపులో కలిసిపోతుంది. ముందే కుదించి తిప్పితే ఆ మసక అలాగే మిగులుతుంది. ఈ రెండు పనులనూ ఒకేసారి చేసే యూనిఫైడ్ ట్రాన్స్‌ఫార్మ్ టూల్ ఉన్నప్పటికీ, అందులో కోణాన్ని అంకెల్లో ఇచ్చే చోటు లేదు. ఇంత మంచి టూల్‌లో ఆ ఒక్క గడి ఎందుకు పెట్టలేదో నాకు అంతుపట్టలేదు.

నీడ దగ్గరకు వచ్చేసరికి 3.0 పాత గింప్ కన్నా ఎంతో మెరుగనిపించింది. ఫిల్టర్స్ మెనూలోని డ్రాప్ షాడో వేసేటప్పుడు ‘మెర్జ్ ఫిల్టర్’ అన్న గడిలో టిక్కు లేకుండా చూసుకుంటే, లేయరు పక్కన ‘ఎఫ్ఎక్స్’ అని చిన్న గుర్తు వస్తుంది. ఆ గుర్తు మీద నొక్కి, వారం తరువాతైనా నీడ దూరాన్నీ మసకనూ మార్చుకోవచ్చు. బట్ట మీద వేసిన గాసియన్ బ్లర్‌ను కూడా నేను ఇలాగే మూడు రోజుల తరువాత సగానికి తగ్గించాను. ఇక్కడ జాగ్రత్త పడవలసిన విషయం ఒకటుంది. నీడను ముందే వేసి, ఫొటోలో కలిపేసి, ఆ తరువాత తిప్పితే నీడ కూడా ఫొటోతో పాటే తిరిగిపోతుంది. షీటులో ఒక ఫొటో ఎడమకు, మరొకటి కుడికి వాలి ఉన్నప్పుడు ఒక్కో నీడ ఒక్కో దిక్కుకు పడుతుంది. తప్పెక్కడుందో చెప్పలేకపోయినా, చూసేవారికి ఏదో తేడాగా ఉందని మాత్రం తెలిసిపోతుంది. మన ఫంక్షన్ హాళ్ళ ముందు ఫ్లెక్సీల మీద నాలుగు ఫొటోలకు నాలుగు సూర్యులు ఉన్నట్టు కనిపించడానికి కారణం ఇదే.

ఫొటో కింద తెలుగులో రెండు మాటలు రాయాలనుకున్నాను. యూనికోడ్ ఫాంటు వాడితే ఒత్తులు, గుణింతాలు సరిగ్గానే వచ్చాయి. చిక్కల్లా ఆ రాతను కూడా ఫొటోతో పాటు వాల్చినప్పుడే వస్తుంది. తిప్పిన టెక్స్ట్ లేయరును మళ్ళీ దిద్దబోతే, తిప్పడం వంటి మార్పులన్నీ పోతాయని గింప్ హెచ్చరిస్తుంది. కాబట్టి అక్షరదోషాలు ముందే చూసుకోవడం క్షేమం. మూవ్ టూల్ మరో తలనొప్పి. మామూలుగా అది మౌసు కింద ఏ లేయరు ఉంటే దాన్నే పట్టుకుంటుంది. వాలిన ఫొటో మూలనున్న ఖాళీలో నొక్కి లాగితే ఫొటో కదలదు, వెనుకనున్న బట్ట జరుగుతుంది. నేను చూసుకోకుండా ఒకసారి బట్టను వేలెడంత జరిపేశాను. షీటు కుడి అంచున, ఖాళీకి గుర్తుగా గింప్ చూపే గళ్ళ గళ్ళ పట్టీ కనిపించాక గానీ తెలియలేదు. టూల్ ఎంపికల్లో, ఎంచుకున్న లేయరును మాత్రమే కదిపేలా పెట్టుకుంటే ఈ బాధ ఉండదు. చివరగా ప్రింటు వేసే ల్యాబుకు జేపీఈజీ పంపినా, లేయర్లన్నీ ఉండే గింప్ సొంత ఎక్స్‌సీఎఫ్ ఫైలును మన దగ్గర తప్పక ఉంచుకోవాలి. జేపీఈజీలో లేయర్లూ ఉండవు, పారదర్శకతా ఉండదు.

అంతా అయ్యాక తెర మీద అమ్మకు చూపించాను. కళ్ళజోడు సవరించుకుని ఒక నిమిషం చూసి, “అదేంట్రా, మా పెళ్ళి ఫొటో మేకు ఊడి వేలాడుతున్నట్టుంది! కాస్త నిలబెట్టు” అంది. ఎనిమిది డిగ్రీలను నాలుగుకు తగ్గించాలన్నమాట. గింప్ 3.0లోని పెద్ద లోటు నాకు అప్పుడే పూర్తిగా తెలిసివచ్చింది. నీడను దిద్దినంత తేలికగా కోణాన్ని దిద్దే వీలు ఇందులో లేదు. ఫొటోషాప్‌లో స్మార్ట్ ఆబ్జెక్టుగా పెట్టిన ఫొటోకు కోణాన్ని ఎన్నిసార్లు మార్చినా అసలు ఫొటో చెక్కుచెదరదు. ఇక్కడ నేను దాచిన నకలును బయటికి తీసి, మళ్ళీ తిప్పి, కుదించి, పాత చోటనే అమర్చి, నీడ కూడా కొత్తగా వేయవలసి వచ్చింది. ఒక్క ఫొటోకు పావుగంట పట్టింది. వారానికి నాలుగు పెళ్ళి ఆల్బమ్‌లు చేసే స్టూడియోవారికి ఈ పావుగంటలు గిట్టుబాటు కావు, వారికి నేను గింప్‌ను సూచించను. ఇంట్లో ఏడాదికి రెండు మూడు షీట్లు, ఒక ఆహ్వాన పత్రిక చేసుకునేవారు మాత్రం నిశ్చింతగా దీన్నే వాడుకోవచ్చు. మా షీటు నాలుగు డిగ్రీల వాలుతోనే ప్రింటయి, ఇప్పుడు హాల్లో గోడ మీద ఉంది. దాన్ని తగిలించిన రోజున నాన్న వచ్చి, ఫ్రేము వంకరగా ఉందనుకుని రెండుసార్లు సరిచేశారు.