ప్రాక్సిమా బి, ట్రాపిస్ట్-1ఇ: ఏది మేలు?

సౌరకుటుంబం అవతల మనకో ఇల్లు చూడమంటే ఎక్కువమంది నోట ముందు వచ్చే పేరు ప్రాక్సిమా బి, అంటే ప్రాక్సిమా అనే నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం. దగ్గర కదా, 4.24 కాంతి సంవత్సరాలే (కాంతి ఏడాదిలో పోయే దూరం ఒక కాంతి సంవత్సరం)! ట్రాపిస్ట్-1 అనే నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం ట్రాపిస్ట్-1ఇ దాదాపు 40. కానీ ఈ దగ్గరను చూసి మురిసిపోనక్కర్లేదు. సెకనుకు 17 కిలోమీటర్లు పోయే వాయేజర్-1 అంతరిక్ష నౌక వేగంతో వెళ్లినా ప్రాక్సిమాకు సుమారు 75 వేల ఏళ్లు, ట్రాపిస్ట్‌కు ఏడు లక్షల పైచిలుకు. దేనికీ మనం చేరేది లేదు గనుక ఆ లెక్క పక్కన పెట్టేద్దాం.

దూరపు కొండలు నునుపంటారు గానీ, ఇక్కడ దూరపుదాని గరుకే మనకు బాగా తెలుసు. ప్రాక్సిమా బి తన నక్షత్రాన్ని అటూ ఇటూ లాగే తీరును బట్టి 2016లో దొరికింది. ఆ పద్ధతిలో తేలేది కనీస బరువే. అది భూమి కంటే కాస్త ఎక్కువ. వ్యాసం తెలీదు. కాబట్టి రాతి గ్రహమన్నది గట్టి అంచనాయే తప్ప రుజువు కాదు. ట్రాపిస్ట్-1ఇ అలా కాదు. అది నక్షత్రానికి అడ్డుగా దాటుతూ మనకు దొరికిపోతుంది. దాటినప్పుడు తగ్గే వెలుగును బట్టి వ్యాసం తెలిసింది, భూమిలో 0.92 వంతు. పక్క గ్రహాలు లాగడంతో ఆ దాటే వేళలు ముందూవెనకా అవుతాయి. వాటిని పట్టి బరువు తేల్చారు, 0.69 వంతు. రెండూ కలిపి చూస్తే అది రాయే.

పైగా ప్రాక్సిమాకు కోపమెక్కువ. 2016 మార్చిలో ఒక జ్వాల ఎగసినప్పుడు దాని వెలుగు కాసేపు 68 రెట్లు పెరిగింది. 11 రోజులకే ఏడాది తిరిగేంత దగ్గరగా ఉన్న గ్రహానికి అది చిన్న టెన్షన్ కాదు, ఇలాంటి జ్వాలలు దాని గాలినే ఊడ్చేయొచ్చు. ట్రాపిస్ట్-1 కూడా సాధువేం కాదు. దాని మొదటి గ్రహం మీద దట్టమైన వాతావరణం లేదని 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోప్ చూపించింది. ట్రాపిస్ట్-1ఇ సంగతి ఇంకా తేలాలి.

తేలేలోపు ఊహించుకోవడానికి అడ్డేముంది? రెండూ నక్షత్రానికి ఒకే ముఖం చూపిస్తూ తిరుగుతాయని అంచనా. ఒక సగం ఎప్పుడూ పగలు, ఒక సగం ఎప్పుడూ రాత్రి, నడుమ సన్నటి సంధ్య పట్టీ. ట్రాపిస్ట్-1ఇ మీద గాలి ఉందనుకుని ఆ పట్టీలో నిలబడదాం. మన సూర్యుడికి నాలుగింతల వెడల్పున్న ఎర్రటి బింబం సగం మునిగి అక్కడే ఉండిపోతుంది. నీడలు కదలవు. చలిగాలి ఎప్పుడూ చీకటి వైపు నుంచే కొడుతుంది, కనుక కిటికీలన్నీ ఒకే గోడకు పెట్టుకోవాలి. దాదాపు 12 రోజులకోసారి లోపలి వైపు తిరిగే పక్క గ్రహం డి నల్లటి బిళ్లలా ఆ బింబం మీదుగా పోతుంది. వెనక్కి తిరిగితే, 18 రోజులకోసారి బయటి వైపు పక్క గ్రహం ఎఫ్ నిండుగా, చందమామంత కనిపిస్తుంది. ప్రాక్సిమా బి ఆకాశంలో ఇంత సందడి లేదు. శుక్రుడి కన్నా కాంతిగా పొరుగునున్న ఆల్ఫా సెంటారీ జంట నక్షత్రాలు రెండు చుక్కల్లా ఉంటాయి, అంతే.

నా ఓటు ట్రాపిస్ట్-1ఇకే. ఎప్పటికైనా ఓ బుల్లి యంత్రాన్ని పంపే రోజు వస్తే మాత్రం ముందు ప్రాక్సిమాకే పంపాలి. కబురు తిరిగి రావడానికి నాలుగేళ్ల పైన పడుతుంది, నలభై ఏళ్లు కాదు.