అర్ధరాత్రి బ్యాంకాక్‌లో దిగితే: సువర్ణభూమి నుంచి హోటల్ దాకా

ముందు తేదీ సరిచూసుకోండి, ఎక్కువ మంది తప్పు చేసేది అక్కడే. హైదరాబాద్‌లో 14వ తేదీ రాత్రి ఎనిమిదిన్నరకు ఎక్కితే మూడున్నర గంటల ప్రయాణం, పైన గంటన్నర టైమ్ తేడా. అంటే దిగేసరికి 15వ తేదీ తెల్లవారుజామున ఒకటిన్నర. కారు 15వ తేదీకి బుక్ చేయాలి, హోటల్ గది మాత్రం 14వ తేదీ రాత్రికి. రెండూ 15 అని పెట్టేస్తే గది మధ్యాహ్నం రెండింటి దాకా రాదు, పెద్దవాళ్ళతో లాబీలో కూర్చోవాల్సి వస్తుంది. తెల్లవారుజామున వస్తామని హోటల్‌కి ముందే మెసేజ్ పెట్టండి, లేకపోతే రాలేదనుకుని గది వదిలేయవచ్చు.

రెండో తప్పు ఎయిర్‌పోర్ట్. బ్యాంకాక్‌లో రెండున్నాయి. టికెట్ మీద బీకేకే అని ఉంటే సువర్ణభూమి, డీఎంకే అని ఉంటే డాన్ మ్యుయాంగ్. చవక విమానాల్లో కొన్ని డాన్ మ్యుయాంగ్‌కి వెళ్తాయి. కారు ఒకచోట, మీరు మరోచోట ఉంటే అర్ధరాత్రి దాన్ని సరిచేసే దారి లేదు.

సువర్ణభూమిలో బయటికి వచ్చేది రెండో అంతస్తులోకి. రైలు బేస్‌మెంట్‌లో, టాక్సీలు మొదటి అంతస్తులో. ఎయిర్‌పోర్ట్ రైలు సుమారు అర్ధరాత్రి దాకానే నడుస్తుంది, మళ్ళీ తెల్లవారుజామున ఐదున్నర ప్రాంతంలో మొదలు. నగరంలో ఆఖరి స్టేషన్ ఫయా థాయ్ దాకా 45 బాత్ (థాయ్ డబ్బు), అరగంటలోపు ప్రయాణం. నాలుగింటికి దిగి, చేతిలో చిన్న బ్యాగే ఉంటే కాఫీ తాగి మొదటి రైలు పట్టుకోవడం మంచి లెక్కే. ఒంటిగంటకు దిగినవాళ్ళకి మాత్రం రైలు ఊసు అనవసరం.

అప్పుడు మా ఓటు మెషిన్ ఇచ్చే చీటీతో ఎక్కే టాక్సీకే. రెండో అంతస్తులో "టాక్సీ, టాక్సీ" అంటూ ట్రాలీ వెంట వచ్చేవాళ్ళకి తల అడ్డంగా ఊపి నేరుగా కిందికి దిగండి. బయట వరుసలో మెషిన్లు ఉంటాయి. బటన్ నొక్కితే చీటీ వస్తుంది, దాని మీద మీ టాక్సీ నిలబడిన లైన్ నంబరు ఉంటుంది. ఆ నంబరు బోర్డు కింద ఉన్న కారే మీది. ఈ చీటీ డ్రైవర్‌కి ఇచ్చేయకండి. బండి వివరాలు అందులోనే ఉంటాయి, ఫోన్ మర్చిపోయి దిగినా, గొడవ పడినా పనికొచ్చేది అదొక్కటే. చూపించమని తీసుకుని తిరిగివ్వని డ్రైవర్లుంటారు, అందుకని చేతికి రాగానే ఫోటో తీసి ఇంట్లోవాళ్ళకి పంపండి.

సామాను సంగతి చాలామంది ఆలోచించరు. ఇక్కడి మామూలు టాక్సీల్లో చాలావాటికి డిక్కీలో గ్యాస్ సిలిండర్ ఉంటుంది. బయటికి పెద్ద కారే, లోపల రెండు పెద్ద సూట్‌కేసులకే ఇరుకు. నలుగురు, నాలుగు పెద్ద పెట్టెలు అయితే పెద్ద బండ్ల మెషిన్ దగ్గర చీటీ తీసుకోండి. మామూలు వరుసలో నిలబడితే, మీ వంతు వచ్చాక రెండు కార్లు చేసుకోవాల్సి వస్తుంది.

మామూలు టాక్సీ మీటరు 35 బాత్‌తో మొదలవుతుంది. బండి కదిలే ముందే ఎర్ర అంకెల్లో 35 కనపడాలి. మీటరు మీద ఎయిర్‌పోర్ట్ రుసుము 50 బాత్, టోల్ ఇచ్చేది కూడా మనమే. నగరంలోకి టోల్‌కి సుమారు 75 అనుకోండి. రాత్రి ట్రాఫిక్ ఉండదు కాబట్టి హోటళ్ళు ఎక్కువగా ఉండే సుఖుమ్‌విత్ వైపు అన్నీ కలిపి 400 చుట్టుపక్కల తేలుతుంది. "మీటర్ లేదు, 700" అంటే పెట్టెలు డిక్కీలోకి ఎక్కకముందే ఆపి, వరుస దగ్గరుండే సిబ్బందికి చీటీ చూపించండి. పెట్టెలు ఎక్కాక బేరం మన చేతిలో ఉండదు. టోల్‌బూత్‌లో ఇవ్వడానికి వంద నోట్లు చేతిలో ఉండాలి, వెయ్యి నోటుకి అర్ధరాత్రి చిల్లర దొరకదు. ఏటీఎంలు మన కార్డులకి ఒక్కోసారికి 220 బాత్‌కి తక్కువ కాకుండా కోస్తాయి, కాబట్టి తీసేది ఒకేసారి తీయండి.

హోటల్ పేరు, వీధి, ఫోన్ నంబరు థాయ్ లిపిలో స్క్రీన్‌షాట్ పెట్టుకోండి. ఇంగ్లీషు పేరు చెబితే అదే పేరున్న వేరే శాఖకి తీసుకెళ్ళే ప్రమాదముంది. అన్నిటికన్నా ఉపయోగం హోటల్ ఫోన్ నంబరు: దారి తెలియకపోతే డ్రైవరే రిసెప్షన్‌కి ఫోన్ చేసి మాట్లాడుకుంటాడు.

ఫోన్ యాప్‌లో బండి పిలిచే గ్రాబ్, బోల్ట్ కూడా ఉన్నాయి. రేటు ముందే తెలుస్తుంది, అదే వాటి బలం. కానీ యాప్ పెట్టుకుని, ఓటీపీ వచ్చే మన నంబరుతో ఖాతా తెరిచి, కార్డు జత చేయడం ఇండియాలోనే అయిపోవాలి. అక్కడ కొత్త సిమ్ వేశాక మన నంబరుకి ఓటీపీ అందక ఆగిపోయేవాళ్ళు ఎక్కువ. బండి ఎక్కే ముందు నంబరు ప్లేటు యాప్‌తో సరిచూడండి.

అమ్మానాన్నలని గానీ, చంటిపిల్లని గానీ తీసుకెళ్తుంటే కాస్త ఎక్కువైనా ముందే కారు బుక్ చేయడం మేలు. విమానం నంబరు తప్పక ఇవ్వండి. ఉచితంగా వేచి ఉండే సమయం విమానం దిగినప్పటి నుంచా, మీరు రాసిన టైమ్ నుంచా అని చదవండి. ఇమ్మిగ్రేషన్ వరుసలో గంట పోవచ్చు, రెండో రకమైతే డ్రైవర్ వెళ్ళిపోతాడు.

పటాయా వెళ్ళేవాళ్ళకి ఒక మాట. అర్ధరాత్రి బస్సులుండవు, వంద కిలోమీటర్లకు పైగా దారి, రాత్రంతా నడిపి అలసిన డ్రైవర్ చేతుల్లో వెళ్ళాలి. మేమైతే ఎయిర్‌పోర్ట్ పక్కన లాట్ క్రబాంగ్‌లో ఒక రాత్రి పడుకుని పొద్దున బస్సెక్కమంటాం. అక్కడి చిన్న హోటళ్ళు చాలావరకు వ్యాన్ పంపుతాయి, అర్ధరాత్రి కూడా పంపుతారా అని బుక్ చేసేటప్పుడే రాతలో అడిగి తీసుకోండి.

ఏదైనా తేడా వస్తే టూరిస్ట్ పోలీసుల నంబరు 1155. విమానం ఎక్కేముందే ఫోన్‌లో సేవ్ చేసుకోండి.