ఎస్.పి. రోడ్డులో గ్రాఫిక్స్ కార్డు కొనేవారికి హెచ్చరిక: తెర మీద కనబడిన పేరును నమ్మి డబ్బు ఇవ్వకండి

బెంగళూరులో తక్కువ ఖర్చుతో డెస్క్‌టాప్ కట్టించుకోవాలన్నా, ఉన్నదానికి ఏదైనా జోడించుకోవాలన్నా మనవాళ్లలో ఎక్కువమంది వెళ్లేది టౌన్‌హాల్ దగ్గరి ఎస్.పి. రోడ్డుకే. నేనూ అలాగే వెళ్లి, గ్రాఫిక్స్ కార్డు పేరుతో 6,200 రూపాయలు పోగొట్టుకున్నాను. షాపు పేరు రాయడం లేదు. ఆ ఒక్క షాపును తప్పించుకున్నంత మాత్రాన ఈ నకిలీ సరుకును తప్పించుకున్నట్టు కాదు.

మా చిన్నాన్న కొడుకు మారతహళ్లిలో గది తీసుకుని ఉంటూ, ఇంటర్ పిల్లలకు గణితం పాఠాలు రికార్డు చేసి పంపుతుంటాడు. అతనిది ఎనిమిదో తరం ఐ5 ప్రాసెసర్, హెచ్310 మదర్‌బోర్డుతో ఎవరో కట్టించిన సెకండ్ హ్యాండ్ యంత్రం. రికార్డింగు, ఎడిటింగు తేలికపడతాయనీ, వీలైతే సాయంత్రం ఒక ఆట ఆడుకోవచ్చనీ ఎన్‌విడియా కంపెనీ జీటీఎక్స్ 1050 టీఐ కార్డు వేయించుకుందామన్నాడు. ఒక శనివారం ఇద్దరమూ క్యాబినెట్‌ను ఆటోలో వేసుకుని బయలుదేరాము.

మూడు షాపులు తిరిగాక నాలుగో షాపులో మా మాట విని షాపతను కూడా తెలుగులోకి దిగాడు. "అన్నా, మాదీ మీ పక్కే. మనోళ్లకి అట్లాంటి సరుకు ఇస్తామా? జీఎస్టీ బిల్లు కావాలంటే 18 శాతం కలుస్తుంది, ఊరికే వెయ్యి పైన పోతుంది మీకు. చీటీ రాసిస్తా, ఆరు నెలలు పూచీ నాది" అన్నాడు. 6,200 మీద 18 శాతమంటే 1,116 రూపాయలు. ఆ 1,116 మిగిలిందని లోలోపల సంతోషపడిన మాట నిజం. అతను మా యంత్రంలోనే కార్డు బిగించి, యంత్రంలోని భాగాల పేర్లు చూపించే విండోస్ డివైస్ మేనేజర్ తెరిచి, 'ఎన్‌విడియా జీఫోర్స్ జీటీఎక్స్ 1050 టీఐ' అన్న పేరు మీద వేలు పెట్టి చూపించాడు. కార్డును పనిచేయించే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌ను తన పెన్‌డ్రైవ్ నుంచే ఎక్కించి, "దీన్ని అప్‌డేట్ మాత్రం చేయొద్దు తమ్ముడూ, సెట్టింగ్ పోతుంది" అని జాగ్రత్త చెప్పాడు. అసలు అనుమానం రావలసింది ఆ మాట దగ్గర.

ఇంటికొచ్చాక పాఠాలు రికార్డు చేసే ఓబీఎస్ ప్రోగ్రాము తెరిస్తే, రికార్డింగు సెట్టింగులలో ఎన్‌వెంక్ అన్న ఎంపికే లేదు. ఎన్‌వెంక్ అంటే వీడియోను ప్రాసెసర్ మీద భారం వేయకుండా గ్రాఫిక్స్ కార్డే కుదించిపెట్టే ఏర్పాటు. ఎన్‌విడియా దానిని 2012లో కెప్లర్ తరం కార్డులతో మొదలుపెట్టింది; 2016లో వచ్చిన 1050 టీఐలో అది ఉండితీరాలి. డ్రైవర్ పాతదేమోననుకుని ఎన్‌విడియా సైటు నుంచి కొత్తది దించి వేస్తే, రీస్టార్ట్ అయ్యాక నల్లని తెర తప్ప మరేమీ రాలేదు. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి దానిని తీసేసి, జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామును నడిపాము. కార్డు పేరుకు ముందు బ్రాకెట్లలో 'ఫేక్' అని చూపించింది; చిప్ పేరు దగ్గర జీఎఫ్116 అని ఉంది. అసలైన 1050 టీఐ చిప్ జీపీ107. జీఎఫ్116 మీద తయారైనది 2011లో వచ్చిన జీటీఎక్స్ 550 టీఐ.

ఈ మోసం ఎలా జరుగుతుందో తెలుసుకుంటే దానిని పట్టుకోవడం కష్టం కాదు. ప్రతి గ్రాఫిక్స్ కార్డు మీదా బయోస్ (కార్డును మొదలుపెట్టే చిన్న ప్రోగ్రాము) ఉండే చిన్న చిప్ ఒకటి ఉంటుంది. కార్డు తన పేరు, తన మెమరీ ఎంత అన్న వివరాలను విండోస్‌కు చెప్పేది అక్కడి నుంచే. పాత కార్డు బయోస్‌ను దిద్ది కొత్త పేరు రాసేస్తే కార్డు ఇచ్చే ఆ గుర్తింపునూ, దానికి డ్రైవర్‌లో రాసి ఉన్న పేరునూ బట్టే డివైస్ మేనేజర్ పేరు చూపిస్తుంది. లోపల ఉన్న చిప్ ఏమిటని విచారించే పని దానిది కాదు. పేరు మార్చినంత మాత్రాన 192 కోర్ల (లెక్కలు చేసే భాగాల) చిప్ 768 కోర్ల చిప్ అయిపోదు, ఒక జీబీ మెమరీ నాలుగు జీబీ కాదు. అందుకే తేలికపాటి పనుల్లో అంతా బాగున్నట్టే ఉండి, వాడకం నిజంగా ఉన్న మెమరీని దాటగానే తెర మీద రంగు గళ్లు వచ్చి యంత్రం నిలిచిపోతుంది. పైగా 550 టీఐ చెందిన ఫెర్మీ తరానికి ఎన్‌విడియా మామూలు డ్రైవర్లు ఇవ్వడం 2018 ఏప్రిల్‌లోనే మానేసింది. అప్‌డేట్ చేయొద్దన్న హితబోధకు కారణం అదే.

విప్పి చూస్తే గుర్తులు కార్డు మీదే ఉన్నాయి. మొదటిది, వెనకవైపు ఉన్న, పాతరకం మానిటర్ తీగ తగిలించే నీలిరంగు వీజీఏ పోర్టు. 1050 టీఐ చెందిన పాస్కల్ తరం నుంచి నేరుగా అనలాగ్ సిగ్నల్ ఇచ్చే ఏర్పాటును ఎన్‌విడియా తీసేసింది కనుక, ఆ పేరుతో అమ్మే కార్డుకు వీజీఏ పోర్టు ఉంటే అక్కడే ఆగిపోవాలి. రెండవది, ఆరు పిన్నుల పవర్ సాకెట్. 1050 టీఐ 75 వాట్ల కార్డు, చాలా రకాలకు విడిగా తీగ అవసరం ఉండదు. 550 టీఐకి 116 వాట్లు కావాలి. మా కార్డుకు ఆ సాకెట్ ఉంది. మా ఎస్ఎంపీఎస్‌కు (యంత్రానికి కరెంటు అందించే పెట్టెకు) అలాంటి తీగ లేకపోతే షాపతను రెండు మోలెక్స్ అనే పాతరకం పవర్ తీగలను కలిపే అడాప్టర్‌ను 'ఫ్రీగా' వేసిచ్చాడు. ఇక అట్టపెట్టె మీద గద్ద బొమ్మ, మంటల బొమ్మ ఉన్నాయి గానీ తయారీ కంపెనీ పేరు ఎక్కడా లేదు.

ఎస్ఎంపీఎస్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే డబ్బు పోవడం కంటే పెద్ద ప్రమాదం అక్కడే ఉంది. మా తమ్ముడి ఎస్ఎంపీఎస్ మీద పెద్ద అక్షరాలతో 450 అని ఉంది. దాని కింద చిన్న గడుల్లో 12 వోల్టుల వరుస దగ్గర 14 ఆంపియర్లు అని రాసి ఉంది. 12ను 14తో గుణిస్తే 168 వాట్లు. ప్రాసెసరూ, గ్రాఫిక్స్ కార్డూ ప్రధానంగా తీసుకునేది ఆ వరుస నుంచే. 65 వాట్ల ప్రాసెసర్, 116 వాట్ల కార్డు కలిస్తేనే 181. మాకు కార్డు పాడవలేదు, మంట రాలేదు, అది అదృష్టమే. కార్డు కొనేముందు క్యాబినెట్ పక్క పలక తీసి ఆ గడిని ఒకసారి చదవండి.

సోమవారం తిరిగి వెళితే షాపతను మా ముందే మళ్లీ డివైస్ మేనేజర్ తెరిచి, "పేరు వస్తా ఉంది కదా అన్నా, ఇంకేం కావాలి?" అన్నాడు. జీపీయూ-జెడ్ చూపిస్తే అది వైరస్ అన్నాడు. చివరికి 1,500కు వెనక్కి తీసుకుంటానన్నాడు, మేము ఒప్పుకోలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమూ, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజులలోగా, వెనక్కి తీసుకోకపోవడమూ రెండూ అనుచిత వ్యాపార పద్ధతులే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, ఇంకా తేలలేదు. అయిదు లక్షల రూపాయల లోపు కొనుగోళ్లకు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రుసుము కూడా లేదు, రెండేళ్ల గడువు ఉంది. మా చిక్కల్లా రుజువు దగ్గర. మాకిచ్చిన చీటీ మీద 'ఎస్టిమేట్' అని తప్ప షాపు పేరు గానీ, కార్డు సీరియల్ నంబరు గానీ లేవు. యూపీఐ చెల్లింపు వేరెవరో మనిషి పేరు మీదికి వెళ్లింది. మిగిలిందనుకున్న ఆ 1,116 రూపాయలతో నిజానికి మేము కొనాల్సింది షాపు పేరు, సీరియల్ నంబరు అన్న ఆ రెండు వివరాలనే.

కాబట్టి వెళ్లేటప్పుడు జీపీయూ-జెడ్‌ను మీ పెన్‌డ్రైవ్‌లోనే తీసుకెళ్లండి. దానికి ఇన్‌స్టాలేషన్ అక్కరలేదు. 2018లో వచ్చిన 2.12 వెర్షన్ నుంచి ఇలాంటి నకిలీ ఎన్‌విడియా కార్డులను గుర్తుపడుతోంది. డ్రైవర్‌ను షాపులోనే, మీ ఫోన్ హాట్‌స్పాట్ మీద, ఎన్‌విడియా సైటు నుంచి దించి వేయించండి. పది నిమిషాలు దానికి ఒప్పుకోని షాపులో కొనకండి. అసలైన 1050 టీఐ దొరికినా కొత్త ధర పెట్టకండి; పాస్కల్ తరానికి కొత్త ఆటల డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగిపోయాయి, ఇకపై 2028 అక్టోబరు వరకు భద్రతా అప్‌డేట్లు మాత్రమే వస్తాయి.

ఇదే వీధిలో 'ఐ7 డెస్క్‌టాప్' అని తక్కువ ధరకు అమ్మేవాటి విషయంలోనూ ఏ ఐ7 అని అడగండి. అది ఐ7-2600 అయితే 2011 నాటి సరుకు. మైక్రోసాఫ్ట్ విండోస్ 11కు గుర్తించిన ఇంటెల్ ప్రాసెసర్ల జాబితా సాధారణంగా ఎనిమిదో తరం నుంచి మొదలవుతుంది, విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. సెకండ్ హ్యాండ్ ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచే డిస్క్) అయితే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాములో ఎన్ని గంటలు నడిచిందో చూడకుండా తీసుకోవద్దు.

ఇంతా చేసి, మా తమ్ముడి ఐ5లోనే ఇంటెల్ యూహెచ్‌డీ 630 గ్రాఫిక్స్ ఉంది, దానికి క్విక్‌సింక్ అనే రికార్డింగు ఏర్పాటు మొదటి నుంచీ ఉంది. కార్డు తీసేసి, మానిటర్ తీగను మదర్‌బోర్డుకే తగిలిస్తే ఓబీఎస్‌లో ఆ ఎంపిక వచ్చేసింది. పాఠాలు ఇప్పుడు దాని మీదే నడుస్తున్నాయి. సాయంత్రం ఆట మాత్రం వాయిదా పడింది. ఈ శనివారం ఎస్.పి. రోడ్డుకు వెళ్లేవారెవరైనా ఉంటే, డబ్బు ఇవ్వకముందు కార్డు వెనకవైపు ఫొటో, జీపీయూ-జెడ్ తెర ఫొటో ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.