ఫీనిక్స్ ప్రాంతంలో వాడిన ఎలక్ట్రిక్ కారు కొనబోయే తెలుగువారికి హెచ్చరిక

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్, చాండ్లర్, గిల్బర్ట్, టెంపీ ప్రాంతాల్లో వాడిన ఎలక్ట్రిక్ కారు కోసం చూస్తున్న తెలుగువారందరూ, ముఖ్యంగా చలికాలంలో టెస్ట్ డ్రైవ్ చేసి డాష్‌బోర్డు మీద కనబడే మైళ్ళ అంకెను నమ్మి సంతకం పెట్టబోతున్నవారు, డీలరు దగ్గరకు వెళ్ళేముందు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మేము కొన్న వాడిన ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ గురించి డీలరు మీద చేసిన ఫిర్యాదు ఇంకా విచారణలో ఉన్నందువల్ల డీలరు పేరు గానీ, కారు కంపెనీ పేరు గానీ ఇక్కడ రాయడం లేదు. అయినా ఇది ఒక్క డీలరుతో పోయే సమస్య కాదు. ఈ ఎడారి ఎండలో ఏ కంపెనీ కారుకైనా వర్తించే విషయాలు ఇందులో చాలా ఉన్నాయి.

మా ఇల్లు చాండ్లర్‌లో, నా భార్య ఆఫీసు ఉత్తర ఫీనిక్స్‌లో. రానూపోనూ 75 మైళ్ళు దాటుతుంది. ఫిబ్రవరిలో కారు చూడటానికి వెళ్ళినప్పుడు తెర మీద ఛార్జింగ్ 100 శాతం అనీ, 160 మైళ్ళు వెళ్తుందనీ కనిపించింది. సేల్స్‌మన్ ఆ 100 శాతాన్నే వేలితో చూపించి, బ్యాటరీ కొత్తదానిలాగే ఉందని చెప్పాడు. బిందె నిండుగా ఉందని చెప్పడం వేరు, ఆ బిందెలో ఎన్ని నీళ్ళు పడతాయో చెప్పడం వేరు. ఆ 100 శాతం ఆ పూట ఎంత ఛార్జింగ్ ఎక్కించారో చెబుతుందే తప్ప, ఏళ్ళ తరబడి ఎండలో తిరిగాక బ్యాటరీ సామర్థ్యం ఎంత మిగిలిందో చెప్పదు. 160 మైళ్ళన్న అంకె కూడా అంతకుముందు కారును ఎలా నడిపారో చూసుకుని కంప్యూటరు వేసుకున్న అంచనా మాత్రమే. ఏసీ అవసరం లేని ఫిబ్రవరి వాతావరణంలో, డీలరు లాటు (కార్లు నిలబెట్టే ఆవరణ) చుట్టుపక్కల వీధుల్లో నెమ్మదిగా నడిచిన కారు ఎప్పుడూ గొప్ప అంకెనే చూపిస్తుంది.

జూన్ వచ్చేసరికి అసలు సంగతి బయటపడింది. ఏసీ వేసుకుని ఫ్రీవే మీద గంటకు 70 మైళ్ళ వేగంతో వెళ్తే, నిండా ఛార్జింగ్ చేసిన కారు 95 మైళ్ళు రావడమే గగనమైంది. ఒక మధ్యాహ్నం తిరుగు ప్రయాణంలో ఛార్జింగ్ అడుగంటుతుంటే, దారిలో ఆగిపోతుందన్న భయంతో నా భార్య ఏసీ ఆపేసి ఇల్లు చేరింది. 44 డిగ్రీల ఎండలో అద్దాలు మూసిన కారులో ఏసీ ఆపడమంటే ప్రాణాలతో చెలగాటమే. ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీలో 2023లో ఎండ సంబంధిత కారణాలతో 645 మంది చనిపోయారు. అందుకే దీన్ని డబ్బు నష్టంగా మాత్రమే చూడవద్దని కోరుతున్నాను.

కంపెనీ సర్వీస్ సెంటర్లో డబ్బు కట్టి పరీక్ష చేయిస్తే, బ్యాటరీ సామర్థ్యం 66 శాతమే మిగిలిందని కాగితం ఇచ్చారు. ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీలకు అమెరికాలో సాధారణంగా 8 సంవత్సరాలు లేదా 1,00,000 మైళ్ళ వారంటీ ఉంటుంది. సామర్థ్యం 70 శాతం కన్నా తగ్గితే బాగు చేయడమో మార్చడమో చేస్తామని చాలా కంపెనీలు అందులో రాస్తాయి. డీలరు మాకు "ఎనిమిదేళ్ళ వారంటీ" అని చెప్పిన మాట అబద్ధం కాదు. ఆ ఎనిమిదేళ్ళు మేము కొన్న రోజు నుంచి కాక, కారు మొట్టమొదటి యజమాని చేతికి వెళ్ళిన రోజు నుంచి లెక్కకు వస్తాయన్న మాటే దాచిపెట్టాడు. మేము పరీక్ష చేయించే నాటికి ఆ గడువు కొన్ని వారాల క్రితమే ముగిసిపోయింది. మీరు కొనబోయే కారు నంబరు కంపెనీ సర్వీస్ సెంటర్లో ఇచ్చి, వారంటీ ఏ తేదీన మొదలైందో, ఏ తేదీన ముగుస్తుందో, ఎంత శాతం దిగితే వర్తిస్తుందో మీరే అడిగి తెలుసుకోండి. ప్రమాదంలో దెబ్బతిని సాల్వేజ్ టైటిల్ పడిన కారైతే ఆ వారంటీ మీద ఆశ పెట్టుకోవద్దు.

రెంటచింతల, రామగుండం ఎండలు చూసినవాళ్ళం, మనకు ఈ ఎండ ఒక లెక్కా అనుకునేవారు మనలో ఉన్నారు. మనిషి సంగతి ఎలా ఉన్నా, బ్యాటరీ విషయంలో ఆ ధీమా పనికిరాదు. 2023లో ఇక్కడ వరుసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 43 డిగ్రీల సెల్సియస్, లేదా అంతకన్నా ఎక్కువ వేడి నమోదైంది. అదే జూలైలో వరుసగా 16 రాత్రులు ఉష్ణోగ్రత 32 డిగ్రీల సెల్సియస్ కన్నా దిగలేదు. బ్యాటరీకి ఈ రాత్రుల వేడి కూడా చేటు చేస్తుంది, ఎందుకంటే పగలు వేడెక్కిన బ్యాటరీకి రాత్రి చల్లబడే అవకాశం కూడా దొరకదు. లిథియం అయాన్ బ్యాటరీ వాడినా వాడకపోయినా లోపల నెమ్మదిగా అరుగుతూనే ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ ఆ అరుగుదల వేగం పెరుగుతుంది, నిండా ఛార్జింగ్‌తో నిలబెడితే ఇంకా పెరుగుతుంది. ఈ రెండూ కలిసే చోటు డీలరు లాటే. మా కారు సామాన్లు తీసుకోవడానికి జూలైలో అక్కడికి మళ్ళీ వెళ్ళినప్పుడు గమనించాను. నీడ లేని తారు నేల మీద వరుసగా నిలబెట్టిన ఎలక్ట్రిక్ కార్లలో ఒకదానికి ఛార్జింగ్ తీగ అలాగే పెట్టి ఉంది, తెర మీద 100 శాతం వెలుగుతోంది, తలుపు పిడి మీద చెయ్యి ఆనించలేకపోయాను. అమ్ముడయ్యేదాకా ఆ కారు రోజంతా అలాగే ఉంటుంది.

ఇది కొత్తగా తెలిసిన విషయమేమీ కాదు. 2012 వేసవిలోనే ఫీనిక్స్‌లోని నిస్సాన్ లీఫ్ యజమానులు డాష్‌బోర్డులో కనిపించే తమ బ్యాటరీ సామర్థ్యపు గీతలు ఒక్కొక్కటిగా మాయమవుతున్నాయని గొడవ చేశారు. ఆ కంపెనీ కొన్ని కార్లను అరిజోనాలోని కాసా గ్రాండే దగ్గర ఉన్న తన పరీక్షా కేంద్రానికి తెప్పించుకుని పరిశీలించింది, తరువాత సామర్థ్యం తగ్గుదలకు కూడా వారంటీ ఇచ్చింది. ఆ కార్లలో బ్యాటరీని చల్లబరిచే ద్రవ వ్యవస్థ లేదు. మా కారు ఆ కంపెనీది కాదు. కానీ ఆ చరిత్ర వల్ల మీరు అడగవలసిన మొదటి ప్రశ్న తేలిపోతుంది: ఈ కారు బ్యాటరీని ద్రవంతో చల్లబరుస్తారా, లేక గాలికి వదిలేశారా? గాలికి వదిలేసిన రకమైతే, ధర ఎంత తక్కువైనా ఈ ఊళ్ళో కొనవద్దనే నా సలహా. ద్రవంతో చల్లబరిచే రకమైనా, కారు ఇన్నేళ్ళూ ఏ రాష్ట్రంలో రిజిస్టరై ఉందో పాత చరిత్ర నివేదికలో చూడండి. సియాటిల్ వైపు తిరిగిన కారుకూ, పుట్టినప్పటి నుంచి ఫీనిక్స్, లాస్ వేగాస్ ఎండల్లోనే ఉన్న కారుకూ మైళ్ళు ఒకటే అయినా బ్యాటరీ ఒకటి కాదు.

కొనేముందు బ్యాటరీ ఆరోగ్య నివేదిక కావాలని రాతపూర్వకంగా అడగండి. చాలా కార్లకు ఓబీడీ పోర్టులో (కారు కంప్యూటరు వివరాలు చదవడానికి ఉండే ప్లగ్గు చోటులో) పెట్టే చిన్న పరికరం, ఫోనులో ఒక యాప్ ఉంటే మిగిలిన సామర్థ్యం తెలిసిపోతుంది. కొన్ని కార్లలో ఫాస్ట్ ఛార్జింగ్ ఎన్నిసార్లు చేశారో కూడా కనిపిస్తుంది. అయితే బ్యాటరీ కంప్యూటరును రీసెట్ చేసి, కొన్ని వారాలపాటు మంచి అంకె కనబడేలా చేసే డీలర్లూ ఉన్నారు కాబట్టి, ఆ ఒక్క అంకె మీదే ఆధారపడవద్దు. వీలైతే 20 శాతం నుంచి 80 శాతం వరకు ఛార్జింగ్ చేయించి, ఎన్ని కిలోవాట్ అవర్లు (కరెంటు యూనిట్లు) ఎక్కాయో ఛార్జరు రసీదులో చూడండి. ఛార్జింగ్‌లో కొంత కరెంటు వేడిగా పోతుందని గుర్తుంచుకుని, ఆ లెక్కను కారు కొత్తగా ఉన్నప్పటి సామర్థ్యంలో 60 శాతంతో పోల్చితే ఎవరి మాటా నమ్మాల్సిన పని ఉండదు. దారి మైళ్ళ విషయంలో అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2019లో చేసిన పరీక్షల్లో, 95 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడిలో ఏసీతో నడిపితే సగటున 17 శాతం దూరం తగ్గింది. మన దగ్గర జూలై మధ్యాహ్నాలు అంతకన్నా ఎంతో వేడి. అందుకే ఫిబ్రవరిలో కనబడిన అంకెలోంచి కనీసం మూడో వంతు తీసేసి, మిగిలింది మీ ప్రయాణానికి సరిపోతుందో లేదో చూసుకోండి.

అరిజోనా చట్టం ప్రకారం డీలరు అమ్మిన వాడిన కారుకు 15 రోజులు లేదా 500 మైళ్ళు, ఏది ముందు పూర్తయితే అంతవరకు, మామూలు ప్రయాణానికి పనికివస్తుందన్న కనీస హామీ ఉంటుంది. మా విషయంలో అది ఎప్పుడో దాటిపోయింది. బ్యాటరీ తగ్గడం లోపం కాదు, వాడకంలో సహజమైన అరుగుదలేనని డీలరు వాదిస్తున్నాడు. కాబట్టి కొన్న మొదటి వారంలోనే ఏసీ పూర్తిగా పెట్టి ఫ్రీవే మీద దూరం నడిపి, ఫొటోలు తీసి ఉంచుకోండి.

ఇక రెండో మోసం గరాజ్‌లో జరిగింది. డీలరు సిఫారసు చేసిన ఎలక్ట్రీషియన్ మా ఇంట్లో 50 ఆంపియర్ల బ్రేకరు పెట్టి, తీగను అటకలోంచి లాగి, వంట పొయ్యిలకు వాడే మామూలు సాకెట్ బిగించి, ఛార్జరును 40 ఆంపియర్లకు అమర్చి వెళ్ళిపోయాడు. నగరపాలక సంస్థ పర్మిట్ తీసుకోలేదు. వేసవిలో ఒక రాత్రి ప్లగ్గు లాగితే రాలేదు. గట్టిగా పీకి చూస్తే, నాలుగు రంధ్రాల్లో ఒకదాని చుట్టూ ప్లాస్టిక్ కాఫీ రంగుకు మారి, అంచు అలలా వంగిపోయి ఉంది. కారు ఛార్జింగ్ గంటల తరబడి ఆగకుండా కరెంటు లాగుతుంది, కాసేపు వేడెక్కి ఆగిపోయే పొయ్యికి సరిపోయే సాకెట్ దానికి చాలదు. పైగా చుట్టూ గాలి 46 నుంచి 50 డిగ్రీల సెల్సియస్ ఉంటే, 75 డిగ్రీల వరకు వేడిని తట్టుకునే తరగతి తీగ మోయగలిగే కరెంటును నాలుగింట మూడు వంతులకు తగ్గించి లెక్కించాలని అమెరికా నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ చెబుతుంది. ఫీనిక్స్ ఇళ్ళ అటకలు వేసవిలో 60 డిగ్రీలు కూడా దాటుతాయి. మా ఎలక్ట్రీషియన్ ఆ లెక్క వేయలేదని తరువాత వచ్చిన ఇన్‌స్పెక్టర్ తేల్చాడు. మీరు సాకెట్ లేకుండా నేరుగా తీగ కలిపే ఛార్జరే పెట్టించుకోండి, పర్మిట్ కాగితం చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి. ఇళ్ళు తగలబడేది ఇలాంటి చోట్లే.

కరెంటు పోతే ఈ కారే మీ ఇంటిని నడుపుతుందని చెప్పి అమ్మడం మరో మాట. అమ్మానాన్నలు వేసవిలో వచ్చి మన దగ్గర ఉంటారు కాబట్టి, ఆ మాట మన ఇళ్ళలో బాగా పనిచేస్తుంది, మా ఇంట్లోనూ పనిచేసింది. వేడిగాలుల సమయంలో ఫీనిక్స్‌లో పెద్ద ఎత్తున రెండు రోజులు కరెంటు పోతే సుమారు 13 వేల మంది చనిపోవచ్చని జార్జియా టెక్ పరిశోధకుడు బ్రయాన్ స్టోన్ బృందం 2023లో అంచనా వేసింది, కాబట్టి ఆ భయం ఉత్తిది కాదు. ఇక్కడ కరెంటు సరఫరా చేసే ఏపీఎస్, ఎస్ఆర్‌పీ సంస్థల మీద ఒక్కొక్కదానికీ గరిష్ఠ డిమాండు 8,000 మెగావాట్లు దాటుతోంది. 2023లో గ్రిడ్ నిలబడింది గానీ, ఆగస్టు గాలివానలకు స్తంభాలు పడి మన వీధుల్లో కరెంటు పోతూనే ఉంటుంది. అలాంటప్పుడు ఇంటికి కరెంటు ఇవ్వాలంటే కారులో ఆ సదుపాయం, రెండు వైపులా పనిచేసే ఛార్జరు, ఇంటి మెయిన్ దగ్గర ఇంటిని గ్రిడ్ నుంచి విడదీసే మార్పిడి స్విచ్చు, మూడూ కావాలి. మా కారులో మొదటిదే లేదు. కొన్ని కార్లలో ఉండే మామూలు ప్లగ్గు 1.5 నుంచి 3.6 కిలోవాట్ల వరకే ఇస్తుంది. ఫ్రిజ్, ఫ్యాన్లు, ఒక చిన్న కిటికీ ఏసీ నడుస్తాయి. ఇక్కడి ఇళ్ళలో ఉండే 4, 5 టన్నుల సెంట్రల్ ఏసీ మొదలవ్వదు కూడా.

ఆఫీసు నుంచి రాగానే ప్లగ్గు పెట్టే అలవాటు కూడా మానండి. సాయంత్రం 5 గంటలకు కారు బ్యాటరీ, గరాజ్, గ్రిడ్ మూడూ వేడి మీద ఉంటాయి, రేటు కూడా అప్పుడే ఎక్కువ. ఏపీఎస్‌లో పని దినాల్లో సాయంత్రం 4 నుంచి 7 వరకు గరిష్ఠ రేటు. డిమాండు ఛార్జీ ఉన్న ప్లాన్ అయితే, నెలలో ఆ మూడు గంటల మధ్య ఒక్కరోజు ఒక్క గంట కారు, ఏసీ కలిపి నడిచినా దాని లెక్క మీదే నెలంతా ఛార్జీ పడుతుంది. ఎస్ఆర్‌పీలో అయితే మీ ప్లాన్‌లో చౌక గంటలు ఏవో అడిగి తెలుసుకోండి. కారులోనే టైమరు పెట్టి, రోజువారీ పరిమితి 80 శాతంగా ఉంచండి. కంపెనీ 100 శాతం చేయమని చెప్పిన ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీకి ఇది వర్తించదు.

వాడిన కార్ల మీద కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన 4,000 డాలర్ల వరకు పన్ను రాయితీ 2025 సెప్టెంబరు 30తో ముగిసింది. ఇప్పటికీ దాన్ని ధరలో కలిపి చూపించే డీలరు కనబడితే వెంటనే బయటకు వచ్చేయండి. ఇప్పటికే కొని మాలాగే ఇబ్బంది పడుతున్నవారు అరిజోనా అటార్నీ జనరల్ కార్యాలయంలోని వినియోగదారుల విభాగానికి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. కొనుగోలు ఒప్పందం, కిటికీకి అంటించిన బయ్యర్స్ గైడ్ కాగితం, కారు ప్రకటన స్క్రీన్‌షాట్, సేల్స్‌మన్ పంపిన సందేశాలు, సర్వీస్ సెంటర్ సామర్థ్య నివేదిక, ఇవన్నీ ఫిర్యాదుతో జతచేయండి. ప్రకటనను డీలరు ఏ క్షణమైనా తీసేయవచ్చు కాబట్టి కారు చూడటానికి బయల్దేరే రోజే దాన్ని ఫోనులో భద్రపరచుకోండి.