బ్రయాన్ క్రాన్‌స్టన్: టీవీనా, సినిమానా, నాటకమా?

బ్రయాన్ క్రాన్‌స్టన్ టీవీ, సినిమా, నాటకం మూడు చోట్లా నెగ్గిన అమెరికన్ నటుడు. టీవీకి ఎమ్మీ అవార్డులు, న్యూయార్క్ బ్రాడ్‌వే నాటకాలకు రెండు టోనీ అవార్డులు, సినిమాకు ఆస్కార్ నామినేషన్. అయినా ఆయన్ని ఎక్కడ చూడాలని ఎవరైనా అడిగితే నా ఓటు టీవీకే.

సినిమా సంగతి ముందే తేల్చేస్తాను. ‘ట్రంబో’ (2015)లో కమ్యూనిస్టని హాలీవుడ్ పని ఇవ్వకుండా బ్లాక్‌లిస్టులో పెట్టిన రచయిత డాల్టన్ ట్రంబోగా చాలా బాగా చేశారు. ఆస్కార్ నామినేషన్ దానికే. కానీ ఏళ్ల తరబడి సాగిన జీవితాన్ని రెండు గంటల్లో చెప్పాలంటే కథ పరిగెత్తక తప్పదు, నటుడికి నిలబడే చోటు దొరకదు. ‘గాడ్జిల్లా’ (2014) మరీ అన్యాయం. కథ ఊపందుకునేలోపే ఆయన పాత్ర చనిపోతుంది.

టీవీలో ఆ తొందర లేదు. 2000 నుంచి 2006 దాకా ‘మాల్కమ్ ఇన్ ది మిడిల్’లో పెళ్లాం మాటకు వణికిపోయే తండ్రి హాల్‌గా నవ్వించారు. అందుకే ‘బ్రేకింగ్ బ్యాడ్’ సిరీస్‌కి ఆయన పేరు చెప్పినప్పుడు ఏఎంసీ ఛానల్ వాళ్లు సందేహించారు. కామెడీ చేసేవాడు మత్తుమందు తయారుచేసే మనిషిగా నప్పుతాడా అని. సిరీస్ సృష్టికర్త విన్స్ గిల్లిగన్ తాను రాసిన 1998 నాటి ‘ఎక్స్-ఫైల్స్’ ఎపిసోడ్ తీసి చూపించారు. అందులో క్రాన్‌స్టన్ నోటి దురుసు ఉన్న ఒక దుర్మార్గుడు. అసహ్యం వేస్తూనే అయ్యో పాపం అనిపిస్తాడు. ‘బ్రేకింగ్ బ్యాడ్’ ప్రధాన పాత్ర వాల్టర్ వైట్‌కి కావలసింది సరిగ్గా అదే.

‘బ్రేకింగ్ బ్యాడ్’ చివరి సీజన్లో ఒక ఫోన్ సీన్ ఉంది (చూడనివాళ్లు ఈ పేరా వదిలేయండి). వాల్టర్ భార్యకు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిడతాడు. అవతల పోలీసులు వింటున్నారని అతనికి తెలుసు. తన నేరాల్లో ఆమెకు భాగం లేదని వాళ్లను నమ్మించడానికే ఆ తిట్లు. గొంతులో విషం, చెంపల మీద కన్నీళ్లు. ఆ ముఖం అంత దగ్గరగా కనపడాలంటే కెమెరా ఉండాలి. ఆ ఏడుపు మనల్ని పట్టుకోవాలంటే దాని వెనక ఐదు సీజన్ల కాపురం ఉండాలి. 62 ఎపిసోడ్ల సిరీస్‌లో అది 60వది. రెండు గంటల సినిమా అంత బరువు ఎక్కడి నుంచి తెస్తుంది? ఈ పాత్రకే ఆయనకు ఉత్తమ నటుడిగా నాలుగు ఎమ్మీలు వచ్చాయి.

టీవీకి గట్టి పోటీ ఇచ్చేది నాటకమే. ‘ఆల్ ది వే’ (2014)లో ఆయన అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్. 1964 పౌరహక్కుల చట్టం కోసం ఒకరిని బుజ్జగించి, ఇంకొకరిని బెదిరించి పని జరిపించుకునే మనిషి. దాదాపు మూడు గంటలు ఆ వేడి తగ్గకుండా రోజూ ఆడటం మామూలు విషయం కాదు. మొదటి టోనీ దానికే. అదే నాటకాన్ని 2016లో ఎచ్‌బీవో టీవీ ఛానల్ సినిమాగా తీసింది. అందులోనూ ఆయనే. దాంట్లో మాత్రం జాన్సన్ ఎదుటివాడి మీదికి వంగి మాటలతో ఊపిరాడకుండా చేస్తున్నప్పుడల్లా కట్ పడుతుంది. సరిగ్గా పట్టు బిగిసే వేళకు మనల్ని పక్కకు లాగేస్తారు. స్టేజీ మీద కట్ ఉండదు.

తర్వాత ‘నెట్‌వర్క్’ నాటకం. లండన్ నేషనల్ థియేటర్‌లో 2017లో మొదలై బ్రాడ్‌వేకి వచ్చింది. ఆయనకు లండన్ నాటకాలకిచ్చే ఒలివియర్ అవార్డు, రెండో టోనీ తెచ్చిపెట్టింది. అందులో పిచ్చెత్తిన న్యూస్ యాంకర్ హోవార్డ్ బీల్‌గా ఆయన ఆడుతుంటే స్టేజీ మీదే కెమెరాలు తీస్తుంటాయి, వెనక పెద్ద తెర మీద ఆ ముఖం కనిపిస్తుంటుంది. అంటే క్లోజప్పూ ఉంది, కట్ లేని ఆటా ఉంది. టీవీ బలాన్ని నాటకం లాక్కున్న చోటు అది. లేనిదల్లా ఆ ఐదు సీజన్ల కాలమే, నా ఓటు మారనిది కూడా దానివల్లే.

న్యూయార్క్‌లోనో లండన్‌లోనో ఉండే మనవాళ్లకు మాత్రం నా సలహా వేరు. ఆయన నాటకం ఏదైనా ఆడుతుంటే సిరీస్ పక్కన పెట్టి ముందు టికెట్ కొనండి. సిరీస్ ఎప్పుడైనా చూసుకోవచ్చు, నాటకం వెళ్లిపోతే మళ్లీ దొరకదు.